ఆరో లెవల్ దగ్గర హద్దు: జుల్మ్ ఏది, ఇన్సాఫ్ ఏది?



మూడు వారాలైంది, మా ఆపా నాకు ఫోన్ చేయలేదు. ఆస్తి తగాదా లేదు, షాదీకి పిలుపు మరిచిపోయింది లేదు. కారణం వింటే మీరు నవ్వుతారు. ఒక ఆట! బెల్లంపల్లిలో మా ఇంట్లో ప్రతి ఆదివారం అసర్ నమాజ్ తర్వాత ఖాన్‌దాన్ పిల్లలంతా చాప మీద కూర్చుని కాగితాలు, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచికతో ఆడే దాస్తాన్ ఆట. అందులో ఎవరి కిర్దార్ అయినా సరే, ఆరో లెవల్ దాటకూడదని నేను ఒక కానూన్ పెట్టాను. మా పెద్ద భాంజా పాచికను గోడకేసి కొట్టి లేచిపోయాడు. ఆ రాత్రే ఆపా ఫోన్ చేసి ఒకే మాట అన్నది.

"బయట దునియా మొత్తం మన పిల్లల్ని ఇక్కడిదాకనే, ఇక్కడిదాకనే అని ఆపుతనే ఉంది. ఇంట్ల ఆడే ఆటల కూడా నువ్వే ఆపుతవారా?"

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పుడు ఉంది. ఫోన్‌లో చెప్తే వినదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆపా ఒక్కదానికే కాదు, పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ బహస్ ఏదో ఒక రూపంలో వస్తుంది. ఎంత ఎక్కితే అంత గొప్ప అనే ఖయాల్ మన ఇళ్లల్లో ఎంత లోతుగా పాతుకుపోయిందో, ఈ చిన్న ఆట నాకు చూపించింది.

ముందు ఆట సంగతి తెలియని అమ్మీలకు, అబ్బాలకు రెండు మాటలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను అచ్చు వేశారు. మూడు సన్నటి పుస్తకాలు, అంతే. బోర్డు లేదు, గెలుపు ఓటమి లేదు. ఒకరు కథ చెప్తారు. మిగిలినవాళ్లు తలా ఒక కిర్దార్ తయారు చేసుకుని ఆ కథలోకి దిగుతారు. "నదికి వంతెన కూలిపోయింది, ఏం చేస్తారు?" అని కథకుడు అడుగుతాడు. "ఈదుతా" అని ఒకడు, "తాడు వేస్తా" అని ఒకతి. అయ్యిందా లేదా అనేది పాచిక చెప్తుంది. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే మా పెద్ద భాంజా హాస్టల్లో నేర్చుకుని, సెలవుల్లో దీన్ని బెల్లంపల్లికి తెచ్చాడు. నాకు జిరాక్స్ షాపు ఉంది కాబట్టి కాగితాల ఖర్చు నాది. ఉర్దూ దాస్తాన్‌ల మీద ఇష్టం ఉంది కాబట్టి కథ చెప్పే పని కూడా నా మీదే పడింది. మా ఇంట్లో ఆ కుర్చీకి పేరు దాస్తాన్‌గో. బంగారు నాణేలకు చింతగింజలు, నక్షాకు పాత క్యాలెండర్ల వెనక వైపు.

ఈ ఆటలో లెవల్ అంటే దర్జా. ముహిమ్‌లు గెలిచేకొద్దీ తజుర్బా పాయింట్లు వస్తాయి. 300 వస్తే రెండో లెవల్, 900కు మూడు, 2,700కు నాలుగు, 6,500కు అయిదు. అట్లా 3,55,000 దాకా పోతే ఇరవై. ఇరవై తర్వాత ఈ పుస్తకంలో మెట్లు లేవు. ఇక్కడొక మాట గుర్తు పెట్టుకోండి. హద్దు పెట్టింది నేను మొదటివాడిని కాదు. పుస్తకం రాసినవాళ్లు ఇరవై దగ్గర పెట్టారు. 1980ల నాటి ఒక రూపంలో అది ముప్పై ఆరు దాకా ఉండేది. కాబట్టి మా ఇంట్లో బహస్ హద్దు ఉండాలా వద్దా అని కాదు, ఎక్కడ ఉండాలి అని.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి.

మా టేబుల్ మీద, అంటే మా చాప మీద, అయిదుగురు. పెద్ద భాంజా పహిల్వాన్ లాంటి సిపాహీ, తొమ్మిదో లెవల్. వాడి తమ్ముడు హకీమ్, వాడూ తొమ్మిది. పక్క గల్లీలో ఉండే ఖాలా మనవళ్లు ఇద్దరు, ఎనిమిది. అయిదోది కరీంనగర్‌లో ఉండే మా భాయిజాన్ కూతురు. పదో తరగతి. ట్యూషన్లు, వారం పరీక్షలు, ఇంటి పని దాటుకుని నెలకు ఒకసారి వస్తే గొప్ప. ఆమె జాదూగర్‌ది నాలుగో లెవల్. తెలివి తక్కువై నాలుగు దగ్గర లేదు. అందరికంటే మంచి ఆలోచనలు ఆమెవే. రాలేకపోయింది, అంతే. వచ్చినవాడికి లెవల్, రానివాడికి లేదు. ఆట ఆడే తీరు వల్ల కాదు, ఆదివారం ఖాళీ దొరకడం వల్ల దర్జా పెరుగుతున్నది. మన ఇళ్లల్లో ఆదివారం ఎవరికి ఖాళీ దొరుకుతుందో, అబ్బాయిలకా అమ్మాయిలకా, నేను చెప్పాల్సిన పని లేదు.

ఆ రోజు కొండ గుహలో ఒక ఎర్ర అజ్దహా. తొమ్మిదో లెవల్ వాళ్లకు సరితూగాలంటే అంతకంటే చిన్న శత్రువును పెట్టలేను, పెడితే వాళ్లకు ఆవలింతలు. అజ్దహా నిప్పు ఊదింది. తప్పించుకోవాలంటే 17 రావాలి. భతీజీకి 11 పడింది. పెద్ద భాంజాకూ పడలేదు. నేను పదహారు పాచికలు వేశాను, లెక్క 58 తేలింది. భాంజా దగ్గర ప్రాణం పాయింట్లు 76. పద్దెనిమిది మిగిలాయి, మీసం మెలేసి నిలబడ్డాడు. పిల్ల దగ్గర ఉన్నవే 26. ఈ ఆట కానూన్ ప్రకారం ప్రాణం సున్నాకు వచ్చాక కూడా మిగిలిన దెబ్బ నీ పూర్తి ప్రాణమంత ఉంటే, స్పృహ తప్పడం కూడా ఉండదు, అక్కడికక్కడే మౌత్. 58లో 26 పోతే 32. అయిపోయింది.

చాప మీద ఒక్క క్షణం ఖామోషీ. తర్వాత హకీమ్ నవ్వుతూ అన్నాడు, "ఫికర్ నక్కో చెల్లీ, నేను లేపుతా." తొమ్మిదో లెవల్ హకీమ్‌కు చచ్చినవాళ్లను లేపే అమల్ వస్తుంది. చచ్చి పది రోజులు దాటకుండా ఉండాలి, 500 నాణేల వజ్రం ఒకటి ఖర్చు, అంతే. చింతగింజలు లెక్కపెట్టి నా ముందు పెట్టాడు. లేపాడు.

పిల్ల పెన్సిల్ కింద పెట్టి మెల్లగా అన్నది.

"చిచ్చా, నేను చచ్చినా ఏం కాలే, బతికినా ఏం కాలే. ఇగ నేను ఎందుకు?"

నా కానూన్ పుట్టింది ఆ సవాల్ దగ్గర. దానికి జవాబు చెప్పలేని దాస్తాన్‌గో ఆ కుర్చీలో కూర్చోకూడదు.

ఇప్పుడు నా దలీల్‌లు వినండి.

మొదటిది, లెక్క. ఒకే చాప మీద ఒకరి ప్రాణం 76, ఇంకొకరిది 26 అయితే దాస్తాన్‌గో ఎంత ఇన్సాఫ్‌పరస్త్ అయినా చేయగలిగింది లేదు. 76 వాడికి చెమట పట్టించే శత్రువును పెడితే 26 ఉన్నామె ఒక్క ఊపుకు పోతుంది. ఆమెకు తగిన శత్రువును పెడితే అయిదో లెవల్ జాదూగర్ విసిరే నిప్పు గోళం దాన్ని వచ్చీ రాగానే మసి చేస్తుంది. ఆ గోళం దెబ్బ సగటున 28. గాబ్లిన్ అనే చిన్న దయ్యం ప్రాణం 7. తప్పించుకున్నా సగం దెబ్బ, అంటే 14. తప్పించుకున్నవాడూ పోయాడు, తప్పించుకోనివాడూ పోయాడు. ఇక పాచిక ఎందుకు? అందరికీ ఒకే హద్దు ఉంటే మాత్రం ఆలస్యంగా వచ్చినవాళ్లు కొన్ని ఆదివారాల్లో ముందున్నవాళ్లను కలుస్తారు. ముందున్నవాళ్లు ఇంకా పైకి పరుగెత్తి పోరు. హద్దు అంటే గోడ అనుకుంటున్నారు మీరు. నాకు అది జమాత్‌లో సఫ్ లాంటిది. సేఠ్ అయినా హమాలీ అయినా అదే వరుసలో, భుజం పక్కన భుజం.

రెండోది, కథ. ఈ ఆటలో లెవల్ పెరిగేకొద్దీ ఏం వస్తుందో చూడండి. తొమ్మిదికి చచ్చినవాళ్లను లేపడం. పదమూడుకు కళ్లు మూసి తెరిచేలోగా ఎంత దూరమైనా పోవడం. పదిహేడుకు, అస్తగ్‌ఫిరుల్లాహ్, ఏది కోరితే అది జరిగే అమల్, పైగా చచ్చి రెండు వందల ఏళ్లయినవాడిని కూడా తిరిగి తెచ్చేది. మా నానీ పక్క గదిలో తస్బీహ్ తిప్పుతూ ఇదంతా వింటుంది. "చచ్చినోళ్లను లేపేది అల్లా ఒక్కడే బేటా" అని ఒకసారి అన్నది. నేను ఆలిమ్‌ను కాను, ఆటలో జాదూ మీద ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు, ఆ బహస్ మీ ఇంటి పెద్దలతో మీరు చేసుకోండి. కానీ నానీ మాట ఆట లెక్కలో కూడా నూటికి నూరు సహీ. మౌత్‌కు 500 చింతగింజల ధర కట్టాక దేనికి భయపడాలి? భయం లేని చోట బహాదురీ ఎక్కడిది? కళ్లు మూసి తెరిస్తే దిల్లీ చేరేవాడికి మధ్యలో సరాయి లేదు, నది లేదు, దారి చెప్పే ముసలాయన లేడు, దోచుకునే డాకూ లేడు. కాజీపేట నుంచి బెల్లంపల్లికి ప్యాసింజర్‌లో వచ్చినవాడిని అడగండి, దారిలో ఏమేం చూశావని. దాస్తాన్ అంటేనే దారి. దారిని తీసేసి మంజిల్ ఒక్కటే ఇస్తే అది ఇనామ్ కాదు, దోపిడీ.

మూడోది, మన సొంత ఖజానా. ఈ ఆట అమెరికా నుంచి వచ్చింది గానీ, ఇట్లాంటి కథలకు మనం కొత్తవాళ్లం కాము. అక్బర్ బాద్‌షా కాలంలోనే హంజానామాకు పద్నాలుగు వందల చిత్రాలు వేయించారు. తర్వాత లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ దాస్తాన్-ఎ-అమీర్ హంజాను ఉర్దూలో నలభై ఆరు సంపుటాల్లో అచ్చు వేసింది. అందులో అందరికీ ప్యారీ అయినది తిలిస్మ్-ఎ-హోష్‌రుబా. 1880లలో మొహమ్మద్ హుసేన్ జాహ్ మొదలుపెడితే అహ్మద్ హుసేన్ ఖమర్ ముందుకు తీసుకుపోయాడు. ఆ తిలిస్మ్‌కు శహన్‌షాహ్ అఫ్రాసియాబ్. మా భాంజా భాషలో చెప్పాలంటే ఇరవయ్యో లెవల్ జాదూగర్. వాడికి ఎదురు ఎవరు? అమ్ర్ అయ్యార్. జాదూ రాదు. భుజానికి ఒక జంబీల్ సంచీ, పరుగెత్తే కాళ్లు, వేషాలు మార్చే తెలివి, పైసా వదలని పిసినారితనం. అంత పెద్ద సల్తనత్‌ను మూడు చెరువుల నీళ్లు తాగించేది ఈ అయ్యారే.

ఆలోచించండి. అమ్ర్‌కు కూడా అఫ్రాసియాబ్ అంత జాదూ ఇచ్చి ఉంటే ఆ దాస్తాన్ ఎన్ని పేజీలు నడిచేది? ఒక్క పేజీ. ఇద్దరూ ఎదురుపడ్డారు, ఎవరిది పెద్ద జాదూ అయితే వాడు గెలిచాడు, కిస్సా ఖతం. అమ్ర్ తాఖత్‌కు హద్దు ఉంది కాబట్టే అతని అఖల్‌కు హద్దు లేకుండా పోయింది. మీర్ బాఖర్ అలీ లాంటి దాస్తాన్‌గోలు దిల్లీలో రాత్రుళ్లు జనాన్ని కూర్చోబెట్టింది ఈ అయ్యారీతోనే. 1928లో ఆయన పోయాక ఆ ఫన్ దాదాపు చచ్చిపోయింది. 2005 నుంచి కొందరు దాన్ని మళ్లీ వేదిక ఎక్కించారు, అది వేరే ముచ్చట. నా ముచ్చట ఏమిటంటే, మా భతీజీ ఆడాలనుకున్నది అమ్ర్ ఆట. మేం ఆమెను అఫ్రాసియాబ్‌ల దంగల్లో పడేశాం.

ఇక ఎదుటివాళ్ల మాటలు. తేలిక మాటలు కాదు కాబట్టి తేలికగా కొట్టేయను.

భాంజా అన్నాడు, "మామూ, ఏడాదిన్నర మెహనత్ చేసిన. ప్రతి ఆదివారం వచ్చిన. మెహనత్ చేసినోని ముందట గేటు పెడితే అది జుల్మ్ కాదా?"

బేటా, మెహనత్‌కు హఖ్ ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ హఖ్‌ను ఒకే ఒక్క నాణెంలో చెల్లించాలని ఎవరు చెప్పారు? హద్దు లెవల్‌కు పెట్టాను, ఎదుగుదలకు కాదు. ఈ పద్ధతిని ఇంతకుముందే ఆడినవాళ్లు ఉన్నారు. ఈ ఆట మూడో రూపం నడిచే రోజుల్లోనే ఆరో లెవల్ దగ్గర ఆపి, ఆ తర్వాత ప్రతి 5,000 తజుర్బా పాయింట్లకు ఒక కొత్త హునర్ మాత్రం ఇచ్చే పద్ధతి పుట్టింది. ప్రాణం 76 కాదు, 176 కాదు. కానీ రెండు కత్తులు పట్టడం వస్తుంది, అడవిలో అడుగుజాడ చదవడం వస్తుంది, నాలుగు జబానులు వస్తాయి. కిర్దార్ వెడల్పు అవుతుంది, ఎత్తు కాదు. దానికి తోడు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఊళ్లో పేరు. సరాయి యజమానితో దోస్తీ. నువ్వు కాపాడిన రైతు నీ కోసం ఇచ్చే గవాహీ. నీ కింద పని నేర్చుకునే షాగిర్ద్. ఇవేవీ కాగితం మీద సంఖ్యలు కావు కాబట్టి నీ కంటికి ఆనలేదు. ర్యాంకు తప్ప మరేదీ నీ కంటికి ఆననీయకుండా పెంచింది మేమే. ఆ తప్పు నీది కాదు, మా తర్బియత్‌ది.

కిర్దార్ అనే లఫ్జ్‌కు ఉర్దూలో రెండు అర్థాలు. నాటకంలో వేషం ఒకటి, మనిషి నడవడి రెండోది. ఏడాదిన్నరలో నీ మొదటి కిర్దార్ ఒకటి నుంచి తొమ్మిదికి పోయింది. చెల్లి చచ్చిపోతే ఒక్క మాట అడగకుండా మీసం మెలేసిన రోజు రెండోది ఎక్కడుందో నువ్వే లెక్కపెట్టుకో.

ఇప్పుడు ఆపా మాట. నా నిద్ర చెడగొట్టింది ఇదే. మన పిల్లల్ని ఇప్పటికే అందరూ ఆపుతున్నారు, నువ్వు కూడానా?

ఆపా, ఆపడం రెండు రకాలు. దానికి సబూత్ ఈ ఆట తారీఖ్‌లోనే ఉంది. 1974 నాటి ఆ మొదటి పుస్తకాల్లో మనుషులతో పాటు మరుగుజ్జులు, ఎల్ఫ్‌లు, హాబిట్‌లు అనే జాతులు ఉండేవి. మనిషికి లెవల్ హద్దు లేదు. మరుగుజ్జు సిపాహీ ఆరో లెవల్ దగ్గర ఆగాలి. హాబిట్ నాలుగు దగ్గరే. ఎల్ఫ్ సిపాహీగా నాలుగు, జాదూగర్‌గా ఎనిమిది. ఎందుకు? పుట్టుక. అంతే. మనుషులే ఆ దునియాను ఏలాలి కాబట్టి మిగిలినవాళ్లకు పైన కప్పు వేశాం అన్నారు. 1978 పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేశారు. మగ సిపాహీ బలం ఎంత దాకా పెరగవచ్చో, ఆడ సిపాహీ అంత దాకా పెరగకూడదని పట్టిక గీశారు. ఆడవాళ్ల హద్దు తర్వాతి రూపంలో పోయింది. జాతి హద్దు పోవడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది.

నువ్వు అన్న హద్దు అది, ఆపా. పుట్టుక చూసి, పేరు చూసి, ఆడా మగా చూసి ఒకరికి గీత గీసి ఇంకొకరికి చెరిపేసేది. మన అబ్బాయి పేరు చూసి కిరాయికి ఇల్లు లేదన్నవాడు గీసింది ఆ గీతే. ఆ గీత మీద ఉమ్మేయడానికి నీతో పాటు నేనూ ముందుంటాను. కానీ నా గీత ఎవరి మొహం చూసి గీసింది కాదు. భాంజాకు ఆరు, భతీజీకి ఆరు, ఖాలా మనవళ్లకు ఆరు, రేపు కొత్తగా వచ్చి కూర్చునే పక్కింటి పిల్లవాడికి కూడా ఆరే. కొందరికే ఉండే హద్దు జుల్మ్. అందరికీ బరాబర్‌గా ఉండే హద్దు ఇన్సాఫ్. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేయకు.

ఇంకో మాట అడుగుతాను, గుస్సా చేయకు. పాత పద్ధతిలో మన భతీజీని నాలుగో లెవల్ దగ్గర ఎవరు ఆపారు? పుస్తకంలో ఆమెకు ఏ హద్దూ రాసి లేదు. ఇరవై దాకా ఖుల్లా మైదానం. అయినా ఆగింది. ఖుల్లా మైదానం అంటే పరుగెత్తే టైమ్ ఉన్నవాడి మైదానం. కాగితం మీద హద్దు లేని చోట ఎవరూ రాయని హద్దు పని చేస్తుంది. నేను చేసిందల్లా ఆ దొంగ హద్దును తీసి, అందరి కళ్ల ముందు ఒక సాఫ్ గీత గీయడం.

మన నానాను గుర్తు తెచ్చుకో. బదిలీ ఫిల్లర్‌గా సింగరేణి బాయిలోకి దిగిన మనిషి. ఇరవై ఏళ్లప్పుడు టబ్బు నింపినంత జల్దీ యాభై ఏళ్లప్పుడు నింపలేకపోయాడు. ఒంటి తాఖత్‌కు హద్దు వచ్చింది, తర్వాత దిగడం కూడా మొదలైంది. నీ కొడుకు లెక్కలో నానా లెవల్ తగ్గిందనాలి. కానీ బాయిలో జవాన్ పిల్లలు ఎవరి వెనక నిలబడేవాళ్లు? నానా వెనక. కర్రతో పైకప్పు తట్టి చూసేవాడు. గట్టిగా ఖంగున మోగితే రాయి పట్టి ఉన్నట్టు, డొల్లగా డబ్ మంటే పొర విడిచినట్టు. ఆ చప్పుడు తేడా చెవికి పట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆయనే చెప్పేవాడు. దానికి పాయింట్లు లేవు, లెవల్ లేదు, చేతి బలం ఒక్క పిసరు పెరగలేదు. డొల్ల చప్పుడు వచ్చిన చోటి నుంచి నలుగురిని వెనక్కి గుంజేవాడు, అంతే. ల్యాంప్ రూంలో దీపం తిరిగి అప్పజెప్పి అందరూ ఇంటికి వచ్చేవాళ్లు. మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్, మేనేజర్ అని గనుల్లో సర్టిఫికెట్ల మెట్లు ఉన్నాయి, నానా వాటిలో ఒక్కటి కూడా ఎక్కలేదు. అయినా బస్తీలో ఆయన జనాజాకు ఎంతమంది వచ్చారో నువ్వు చూశావు.

నేను పిల్లలకు నేర్పాలనుకున్న ఎదుగుదల అది. తాఖత్ ఒక చోట ఆగుతుంది. ఆగిన తర్వాతే చెవి పెరుగుతుంది.

ఇక ఆరే ఎందుకు, పది ఎందుకు కాదు అని అడిగేవాళ్లకు. అయిదో లెవల్‌కు జాదూగర్‌కు నిప్పు గోళం, సిపాహీకి ఒకే ఊపులో రెండు దెబ్బలు వస్తాయి. పెద్దవాళ్లమయ్యామనే మజా అక్కడ తెలుస్తుంది. ఆరు దాకా ఆ మజాలో ఉంటారు. చచ్చినవాళ్లను లేపే తొమ్మిది, దారిని మింగే పదమూడు, కోరికలు తీర్చే పదిహేడు ఇంకా దూరం. ఈ అయిదో రూపం పుస్తకమే మొదటి నాలుగు లెవల్‌లను ఊరి హీరోల మెట్టు అంటుంది, పదిహేడు నుంచి ఇరవైని దునియాకు మాలిక్‌ల మెట్టు అంటుంది. నాకు దునియా మాలిక్‌లు అక్కర్లేదు. ఒక బస్తీని కాపాడే పిల్లలు కావాలి. బస్తీ అంత కథ అయితే అందులో ప్రతి గల్లీకి పేరు ఉంటుంది, ప్రతి మౌత్‌కు ఒక ఇల్లు ఏడుస్తుంది.

ఇప్పుడు నా ఖతా. ఇది రాయకపోతే పైన రాసినదంతా మునాఫిఖత్ అవుతుంది.

నేను హద్దు పెట్టిన టైమ్ గలత్. తొమ్మిదో లెవల్ దాకా రానిచ్చి, ఒక ఆదివారం లేచి "రేపటి నుంచి అందరూ ఆరు" అన్నాను. మూడు లెవల్‌లు వాడి చేతుల్లోంచి గుంజుకున్నాను. హద్దు ఎంత ఇన్సాఫ్‌దైనా, ఆట మధ్యలో చెప్పకుండా పెడితే అది వాదా-ఖిలాఫీ. కూలీ మాట్లాడుకునేటప్పుడు ఒక రేటు చెప్పి, సాయంత్రం ఇంకో రేటు ఇచ్చే సేఠ్‌కు నాకు తేడా ఏముంది? భాంజా పాచిక విసిరింది హద్దు మీద అనుకున్నాను. నా మాట తప్పడం మీద విసిరాడని తర్వాత అర్థమైంది. బేటా, దీనికి నీ ముందు మాఫీ అడుగుతున్నాను. నలుగురు చదివే చోట అడుగుతున్నాను, ఎందుకంటే నలుగురి ముందే నిన్ను తగ్గించాను.

మాఫీతో పాటు నా తజ్‌వీజ్ ఇది. మీ తొమ్మిదో లెవల్ సిపాహీని, హకీమ్‌ను, ఎనిమిదో లెవల్ వాళ్లను ఎవరూ తగ్గించరు. వాళ్ల దాస్తాన్‌ను రెండు ఆదివారాల్లో శాన్‌గా ముగిద్దాం. ఆ అజ్దహాతో ఆఖరి జంగ్ నీ సిపాహీదే. ఆ తర్వాత వాళ్లు ఆ దునియాలో బుజుర్గులు అవుతారు. పేర్లు ఉంటాయి, హవేలీలు ఉంటాయి, కొత్త పిల్లలు సలహా కోసం వాళ్ల గడప తొక్కుతారు. కొత్త దాస్తాన్ ఒకటో లెవల్ నుంచి మొదలవుతుంది. ఆరు దగ్గర హద్దు అని మొదటి రోజే, పాచిక పట్టకముందే, నా జిరాక్స్ కాగితం పైన మొదటి లైన్‌లోనే రాసి ఉంటుంది. రాలేకపోయిన ఆదివారానికి ఎవరి తజుర్బా తగ్గదు, పాయింట్లు జమాత్ మొత్తానికి కలిపి. ఆరు దాటాక ప్రతి మూడు ముహిమ్‌లకు ఒక కొత్త హునర్, ఏది కావాలో ఎవరికి వాళ్లే ఎంచుకుంటారు. ఇందులో ఏదైనా నచ్చకపోతే మొదటి రోజే బహస్ చేద్దాం. నేను ఓడిపోతే ఓడిపోతాను.

ఇది చదివే అమ్మీలకు, అబ్బాలకు ఒక గుజారిష్. మీ ఇంట్లో ఈ ఆట ఉండకపోవచ్చు. లెవల్‌లు మాత్రం ఉన్నాయి. దస్తర్‌ఖాన్ దగ్గర ఒకడి మార్కులు చెప్పి ఇంకొకడిని తినకుండా చేసే లెవల్. దావత్‌లో ఎవరి కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు, ఎవరి కొడుకు బెల్లంపల్లి బజార్‌లో ఉన్నాడు అని కుర్చీలు వేరు చేసే లెవల్. పైకి ఎక్కొద్దని పిల్లలకు నేను చెప్పను, చదవండి, ఎంత దాకా వీలైతే అంత దాకా పొండి. కానీ ఇంట్లో ఒక్క చాప అయినా ఉండాలి కదా, దాని మీద కూర్చున్నంత సేపు అందరి దర్జా ఒకటే అయ్యే చాప.

భతీజీ వచ్చే నెల వస్తానన్నది. కొత్త కిర్దార్ అమ్ర్ లాంటి అయ్యార్ అట, జంబీల్ సంచీ బొమ్మ అప్పుడే గీసుకున్నదట. భాంజా కాగితం నా షాపులో ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా ఉంది. తొమ్మిదో లెవల్, 76 ప్రాణం, ఒక్క అంకె చెరపలేదు. గోడకు తగిలి మంచం కిందికి దొర్లిన పాచికను నానీ వెతికి తీసింది. ఒక మూల కొంచెం విరిగింది, ఇంకా దొర్లుతుంది.

ఆపా, ఆదివారం అసర్ తర్వాత చాయ్ పెడుతున్నాను. వాడిని తోలు. నువ్వూ రా.

ఖుదా హాఫిజ్.